ఊపిరి గొట్టాలలోని కావలివారు

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగనాడు పద్యాలు, పాటలు వినవలసిన వేళ రోగాల ప్రసంగము వినిపించడము న్యాయమా అని ఎవరైనా అడుగవచ్చు. కాని ఉగాది వచ్చేసరికి వేపపూతతోపాటు తుమ్ములు, ముక్కు కారడము, రాత్రివేళ పిల్లికూతలు కూడా మన ఇళ్లలో ప్రవేశిస్తున్నవి. ‘మా ఊళ్లో ఉన్నంతకాలము ఏమీ లేదండీ, ఈ బెంగళూరు గాలి మాకు పడలేదు’ అనే మాట మన వారి నోట తరచుగా వింటున్నాము. ‘రక్తము పరీక్ష చేసి ఇస్నోఫీలియా అన్నారు’ అనేది రెండవ మాట. ‘పీల్చే మందు మొదలుపెడితే ఇక జన్మంతా విడవదట కదా’ అనేది మూడవ మాట. ఈ మూడు మాటల వెనుక ఉన్న సంగతి ఒక్కటే. దానిని ఈనాడు మీ ముందు విప్పి చెప్పవలెనని మా ప్రయత్నము.

మేము చెప్పదలచినది ముందుగానే రెండు మాటలలో చెబుతాము. ఉబ్బసము ఉన్న మనిషి ఊపిరి గొట్టాలను అసలు బాధపెడుతున్నది దుమ్ము కాదు, పుప్పొడి కాదు. వాటిని చూచి శత్రువులని పొరబడి లేచిన మన సొంత రక్షక కణాలు. ఆ కావలివారిని లేపినది ఎవరో కనిపెట్టి, వారిని శాంతింపజేయడమే అసలు వైద్యము. అప్పటికప్పుడు ఊపిరి ఆడేటట్లు చేసి ఊరుకోవడము సగము వైద్యము మాత్రమే.

మనము రోజుకు 10,000 లీటర్లకు పైగా గాలి పీలుస్తాము. ఆ గాలి గొంతు దిగి, చెట్టు కొమ్మలు చీలినట్లు సుమారు 23 మార్లు చీలిన గొట్టాలలో ప్రయాణము చేసి, చివర ఉన్న కోట్లకొలది చిన్న గాలితిత్తులను చేరుతుంది. ఈ గొట్టాల చుట్టూ సన్నని కండరము ఉంటుంది. లోపలివైపు మెత్తని పొర ఉంటుంది. ఆ పొరమీద పలుచని జిగురు పరచుకొని, గాలితో వచ్చిన దుమ్మును పట్టి పైకి నెడుతూ ఉంటుంది. ఉబ్బసము వచ్చినప్పుడు మూడు సంగతులు జరుగుతాయి. కండరము బిగుసుకొంటుంది. లోపలి పొర వాస్తుంది. జిగురు చిక్కబడి, తెమడ అయి, దారికి అడ్డము పడుతుంది. పిల్లనగ్రోవి రంధ్రములో మైనము కూరినట్లు, ఇరుకైన ఆ దారిలో గాలి వెళ్లేటప్పుడు వచ్చే శబ్దమే పిల్లికూత.

పందొమ్మిదవ శతాబ్దములో చాలామంది వైద్యులు దీనిని నరాల జబ్బు అనుకొన్నారు. మన పెద్దలు కూడా ‘దిగులు వల్ల వచ్చింది’ అనేవారు. కాని ఆ కాలములోనే తెమడలో ఒక సాక్ష్యము దొరికింది. ఫ్రాన్సులో షార్కో 1853లోను, జర్మనీలో లైడెన్ 1872లోను, రోగుల శరీరములోనుంచి తీసిన పదార్థములలో రెండువైపులా సూదిమొనలుగల చిన్న స్ఫటికాలను సూక్ష్మదర్శినిలో చూచారు. లైడెన్ చూచినది ఉబ్బస రోగుల తెమడలోనే. అవి ఎక్కడినుంచి వచ్చినవో వారికి తెలియలేదు. ఆ స్ఫటికాలు ఒక రకము తెల్లకణాలు చచ్చి విడిచిన మాంసకృత్తు అని తరువాతి కాలములో తేలింది. అవి ఊరక పడి ఉండే చెత్త కాదనీ, ఊపిరితిత్తులను మళ్లీ రెచ్చగొట్టగలవనీ 2019లో వెలువడిన ఎలుకలమీది పరిశోధన చూపింది.

ఆ తెల్లకణాలకు పేరు పెట్టినవాడు పాల్ ఎర్లిక్ అనే జర్మను వైద్యుడు. ఆయనకు రంగులంటే మహా ఆసక్తి. బట్టలకు అద్దే కొత్త రంగులను తెచ్చి రక్తపు చుక్కలకు అద్ది, ఏ కణము ఏ రంగు పట్టుకొంటుందో చూచేవాడు. 1878లో సమర్పించిన సిద్ధాంతవ్యాసములో, గింజలు నిండుగా కూరుకొని ఉన్న ఒక కణమును వర్ణించాడు. అది బాగా మేసి కొవ్వెక్కినట్లు కనబడినందున ‘మాస్టు’ కణమని పేరు పెట్టాడు. జర్మను భాషలో ఆ మాటకు మేపుడు అని అర్థము. మరుసటి ఏడు, ఇయోసిన్ అనే ఎర్రరంగును ఇష్టముగా పట్టుకొనే ఇంకొక కణమును చూపి దానికి ఇయోసినోఫిల్ అని పేరు పెట్టాడు. మన వాడుకలోని ‘ఇస్నోఫీలియా’కు మూలము అదే. రక్తములో ఆ ఎర్రకణికల తెల్లకణాలు ఎక్కువైనవని మాత్రమే ఆ మాటకు అర్థము. అది ఒక రోగము పేరు కాదు, ఒక కొలత. ఈ సంగతి దయచేసి జ్ఞాపకము ఉంచుకోండి, మరల దీని పని పడుతుంది.

‘అలెర్జీ’ అనే మాటను 1906లో వియన్నా వైద్యుడు ఫన్ పిర్కే సృష్టించాడు. ఒకరికి హాని చేయని వస్తువు మరొకరికి ఎందుకు పడదో తెలుసుకొనడానికి 1921లో ప్రాస్నిట్జ్, క్యూస్ట్నర్ అనే ఇద్దరు జర్మను వైద్యులు తమ శరీరాలమీదనే పరీక్ష చేసుకొన్నారు. క్యూస్ట్నరుకు వండిన చేప పడదు. ఆయన రక్తపు తేట కొంచెము తీసి ప్రాస్నిట్జ్ తన చర్మము క్రింద ఎక్కించుకొన్నాడు. మరునాడు అదే చోట చేప సారము ఎక్కిస్తే, అంతవరకు చేప వల్ల ఏ బాధ లేని ఆయన చర్మము దద్దురు తేలింది. అనగా పడకపోవడము అనే గుణము రక్తములో కరిగి ఉన్న ఏదో పదార్థములో ఉన్నదన్నమాట. ఆ పదార్థము చేతికి చిక్కడానికి ఇంకా 45 ఏళ్లు పట్టింది. 1966లో అమెరికాలో పనిచేస్తున్న జపాను దంపతులు ఇషిజాకాలు, 1967లో స్వీడనులో యోహాన్సన్, బెన్నిక్ అనేవారు వేరువేరుగా దానిని పట్టుకొన్నారు. దానికే ఇమ్యూనోగ్లోబులిన్ ఇ అని పేరు. సౌలభ్యము కోసము మేము దీనిని ‘ఇ-ప్రతిరక్షకము’ అంటాము.

ఇప్పుడు ఈ పాత్రలన్నీ కలిసి ఏమి చేస్తాయో చూద్దాము. ఉదాహరణకు, మన పరుపులలో కంటికి కనబడని దుమ్ముపురుగు ఉంటుంది. మన ఒంటినుంచి రాలే చర్మపు పొట్టు దానికి ఆహారము. దాని విసర్జనము ఎండి పొడి అయి, పరుపు దులిపినప్పుడు లేచి ముక్కులోకి పోతుంది. అందరి ముక్కుల్లోకీ పోతుంది. కొందరిలో మాత్రము ఊపిరి గొట్టపు పొర దానిని తాకగానే ప్రమాద సూచన చేస్తుంది. అక్కడ కొమ్మలు చాచుకొని కాపలా కాసే డెండ్రైటిక్ కణాలు ఆ పొడిలోని ఒక ముక్కను పట్టుకొని, దగ్గరలో ఉన్న లింఫు గ్రంథికి మోసుకొనిపోయి, టి కణాలకు చూపుతాయి. టి కణాలలో పలు తెగలున్నవి. వాటిలో ‘రెండవ రకము సహాయక కణాలు’ అనే తెగ దీనిని చూచి మేలుకొంటే అలెర్జీకి పునాది పడినట్లే. సహాయక కణాలలో ఈ రెండు తెగలున్నవని మాస్మన్, కాఫ్మన్ అనేవారు 1986లో ఎలుకలలో చూపారు.

ఆ టి కణాలు మూడు రకముల ఆజ్ఞలు పంపుతాయి. ఆజ్ఞలంటే ఇంటర్‌ల్యూకిన్‌లు అనే రసాయనాలు. నాలుగవ నంబరుది బి కణాలకు చేరి, ‘ఇ-ప్రతిరక్షకము తయారు చేయండి’ అంటుంది. అయిదవ నంబరుది ఎముక మూలుగకు చేరి, ఇయోసినోఫిల్ కణాలను పుట్టించి పంపమంటుంది. పదమూడవ నంబరుది ఊపిరి గొట్టపు పొరకు చేరి తెమడ ఊరేటట్లు చేస్తుంది. ఇటువంటి ఆజ్ఞలనే టి కణాలకంటె త్వరగా, ముందటి పరిచయము లేకుండానే ఇవ్వగల మరొక తెగ ఉన్నదని 2010లో తేలింది. తయారైన ఇ-ప్రతిరక్షకము పోయి మాస్టు కణాల ఒంటిమీద కూర్చుంటుంది. ఇంతవరకు మనిషికి ఏ బాధా తెలియదు. తుపాకిలో మందు దట్టించి పెట్టడము మాత్రమే అయింది.

మరల ఒకనాడు పరుపు దులిపితే, ఆ పొడి వచ్చి మాస్టు కణము మీది ఇ-ప్రతిరక్షకమునకు తగులుతుంది. కొద్ది నిమిషాలలోనే ఆ కణము తన గింజలన్నీ కక్కుతుంది. హిస్టమిన్, ల్యూకోట్రయీన్‌లు బయటపడి కండరమును బిగిస్తాయి. తుమ్ములు, దగ్గు, ఆయాసము వస్తాయి. గంటా రెండు గంటలలో అది తగ్గుతుంది. ‘పోనీలే, తగ్గింది’ అని మనము అనుకొంటాము. కాని నాలుగు నుంచి ఎనిమిది గంటల తరువాత రెండవ దెబ్బ వస్తుంది. పిలుపు అందుకొన్న ఇయోసినోఫిల్ కణాలు అప్పటికి గొట్టపు గోడలోకి దిగి, పురుగులను చంపడానికి దాచుకొన్న విషపు మాంసకృత్తులను మన మెత్తని పొరమీదనే గుమ్మరిస్తాయి. పొర రేగుతుంది, వాస్తుంది. అటుపైన చల్లగాలి, పొగ, నవ్వు, పరుగు ఏది తగిలినా గొట్టము బిగుసుకొంటుంది. సాయంకాలము ఇల్లు ఊడ్చి, పక్కలు దులిపిన ఇంట్లో తెల్లవారుజామున పిల్లవాడు లేచి కూర్చోవడానికి ఒక కారణము ఇదే. శరీరములో వాపును అణచే సహజమైన కార్టిసోల్ రాత్రి తగ్గిపోవడము, గొట్టాలు తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతములో సహజముగానే ఇరుకు కావడము దానికి తోడవుతాయి.

ఇట్టి ప్రమాదకరమైన కావలివారిని ప్రకృతి మనకు ఎందుకు ఇచ్చింది అనే ప్రశ్న వస్తుంది. దీనికి చాలామంది శాస్త్రజ్ఞులు చెప్పే సమాధానము, పురుగుల కోసము అని. మింగి జీర్ణము చేయడానికి వీలులేనంత పెద్దవైన పరాన్నజీవులను ఎదుర్కొనడానికి ఈ సైన్యము ఏర్పడిందని వారి అభిప్రాయము. ఈ కావలివారు నిజమైన శత్రువుతోనే పోరాడుతూ కూడా మనిషికి ఊపిరి ఆడకుండా చేయగలరనడానికి మన తెలుగు నేలమీదనే ఒక గొప్ప దృష్టాంతము ఉన్నది. అది చెప్పడానికే ఇంతదూరము వచ్చాము.

మదనపల్లె సమీపములోని ఆరోగ్యవరము క్షయ వైద్యశాల దక్షిణదేశములో పేరుపడినది. అక్కడ ఫ్రీమోట్ మ్యొల్లర్ అనే డేనిష్ వైద్యుడు అధికారిగా ఉండేవాడు. క్షయ అని పంపబడిన రోగులలో కొందరు ఆయనకు వింతగా కనబడ్డారు. దగ్గు ఉన్నది, జ్వరము ఉన్నది, బరువు తగ్గుతున్నారు, ఎక్స్‌రేలో ఊపిరితిత్తులనిండా చుక్కలు ఉన్నవి. కాని క్షయ క్రిములు లేవు. రక్తములో ఇయోసినోఫిల్ కణాలు మాత్రము విపరీతముగా ఉన్నవి. 1940లో ఆయన, బార్టన్ అనే సహచరుడు కలిసి, క్షయను పోలిన ఈ వ్యాధిని ఇండియన్ మెడికల్ గెజెటులో వర్ణించారు. 1943లో వైన్‌గార్టెన్ అనే వైద్యుడు లాన్సెట్ పత్రికలో దీనికి ‘ట్రాపికల్ ఇయోసినోఫీలియా’ అని పేరు పెట్టి, పాషాణపు ఇంజెక్షనులతో తగ్గుతుందని వ్రాశాడు. ఎందుకు వస్తుందో మాత్రము ఎవరికీ తెలియలేదు.

దీనికి విరుగుడు వేరొక దారిన వచ్చింది. 1895లో భీమవరములో పుట్టి, మద్రాసులో వైద్యము చదివి, అమెరికాకు వెళ్లి మరల తిరిగిరాని యల్లాప్రగడ సుబ్బారావుగారిని మీరందరు ఎరుగుదురు. మనవలెనే ఆయన కూడా ప్రవాసాంధ్రుడే. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన పరిశోధన వర్గము 1947లో బోదకాలు పురుగును చంపే డైఇథైల్ కార్బమజైన్ అనే మందును ప్రకటించింది. 1948లో ఆయన మరణించారు. తరువాత 1950ల దశకములో ఆ బోదకాలు మందునే ట్రాపికల్ ఇయోసినోఫీలియా రోగులకు ఇచ్చి చూడగా దగ్గు, ఆయాసము తగ్గినవి. మందు పనిచేసినదంటే రోగానికి మూలము బోదకాలు జాతి పురుగే అయి ఉండవలెనని అనుమానము బలపడింది. 1960లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన వెబ్, జాబ్, గాల్ట్ అనేవారు అట్టి రోగుల ఊపిరితిత్తులలోను, కాలేయములోను, లింఫు గ్రంథులలోను ఆ పురుగు పిల్లలనే చూపించారు. ఈ విధముగా మదనపల్లెలో మొదలైన పొడుపుకథ వెల్లూరులో విడింది. మధ్యలో మందు మాత్రము భీమవరము బిడ్డ చేతిది.

ఇందులో కావలివారి పాత్ర ఏమిటంటే, బోదకాలు పురుగు మురుగునీటి దోమకాటు వల్ల వస్తుంది. సాధారణముగా దాని పిల్లలు రాత్రివేళ రక్తములో తిరుగుతాయి. అందుకే పూర్వము రాత్రి వచ్చి రక్తము తీసేవారు. కాని కొందరి శరీరము వాటిని అసలు సహించదు. రక్తములో కనబడకుండా, ఊపిరితిత్తులలోనే పట్టి చంపుతుంది. ఆ యుద్ధములో ఇ-ప్రతిరక్షకము, ఇయోసినోఫిల్ కణాలు విపరీతముగా పెరుగుతాయి. పురుగుతోపాటు ఊపిరితిత్తులకూ దెబ్బ తగులుతుంది. అందువల్ల ఈ మనిషి కాలు వాయదు, రాత్రి రక్తములో పురుగు దొరకదు. దగ్గు, పిల్లికూతలు మాత్రము ఉంటాయి. అవి కూడా రాత్రే ఎక్కువ. చూచినవారికి అచ్చముగా ఉబ్బసమే.

ప్రవాసులమైన మనకు ఇక్కడనే అసలు సంగతి ఉన్నది. గోదావరి జిల్లాలనుంచి, శ్రీకాకుళమునుంచి, బోదకాలు ఉన్న మరి ఏ ప్రాంతమునుంచి వచ్చినవారైనా, ఈ ఊళ్లో వైద్యునికి ఉబ్బసము అని చూపించుకొన్నప్పుడు, ‘మా పుట్టిన ఊరు ఫలానాది, ఇన్ని ఏళ్లు అక్కడ ఉన్నాము, సెలవులకు ఇప్పటికీ వెళ్లివస్తాము’ అని తప్పక చెప్పండి. బోదకాలు అరుదైన చోట పనిచేసే వైద్యునికి ఆ ఆలోచన వెంటనే తట్టకపోవచ్చు. ఇయోసినోఫిల్ లెక్క ఘన మిల్లీమీటరు రక్తములో 500 లోపు ఉండవలెను. ఉబ్బసములో అది కొంత పెరుగుతుంది. మేము చెప్పిన రోగములో సాధారణముగా 3,000 దాటుతుంది. ఆ అంకెతోపాటు రాత్రి దగ్గు, బరువు తగ్గడము, బోదకాలు ప్రాంతములో నివాసము కలిస్తే వైద్యుడు తగిన పరీక్షలు చేయించి, సుబ్బారావుగారి మందును సుమారు మూడు వారాలు ఇస్తాడు. చాలామందికి దానితో గుణము కనబడుతుంది. కొందరికి మరల ఇవ్వవలసి వస్తుంది. ఆలస్యము చేస్తే మాత్రము ఊపిరితిత్తులు గట్టిపడి, పోయిన బలము తిరిగిరాదు. ఉబ్బసమనుకొని స్టిరాయిడు మాత్రలు మింగితే తాత్కాలికముగా తగ్గినట్లే కనబడుతుంది. పురుగు మాత్రము పోదు.

దీనివల్ల ‘ఇస్నోఫీలియా’ అనగానే అందరూ ఆ మందు కొని మింగవలెనని అర్థము కాదు. ప్రేగులలోని పురుగుల వల్ల, కొన్ని మందుల వల్ల, మరికొన్ని రోగాల వల్ల కూడా ఆ కణాలు పెరుగుతాయి. అంకె కావలివారు లేచినారని చెబుతుంది. ఎవరిని చూచి లేచినారో చెప్పదు. అది కనిపెట్టడము వైద్యుని పని. దానికి కావలసిన ఊరు పేరు, ఇంటి వివరాలు చెప్పడము మన పని.

ఇక నిజముగా ఉబ్బసమే అని తేలినవారి సంగతి. ఇక్కడ శత్రువు లేడు. కావలివారి పొరపాటు మాత్రమే ఉన్నది. మందులు రెండు తీరులు. సాల్బుటమాల్ వంటివి బిగిసిన కండరమును నిమిషాలలో వదులు చేస్తాయి. ఇవి 1960ల చివరినుంచి వాడుకలో ఉన్నవి, ప్రాణము కాపాడుతున్నవి. కాని ఇవి ఇయోసినోఫిల్ కణాలను ఏమీ చేయవు. రెండవ తీరు మందు పీల్చే స్టిరాయిడు. బెక్లోమెథసోన్ 1972లో వచ్చింది, తరువాత బ్యూడెసొనైడ్ మొదలైనవి వచ్చినవి. ఇవి టి కణాల ఆజ్ఞలను ఆపుతాయి, ఇయోసినోఫిల్ కణాలు తమంతట తాము చచ్చేటట్లు చేస్తాయి. గొట్టపు పొర మానుతుంది. ఈ పని ఒక పూటలో కాదు, రోజులు, వారాలు పడుతుంది. అందుచేత పీల్చగానే హాయి తెలియదు. హాయినిచ్చే నీలిరంగు పంపును దాచుకొని, పనిచేసే రెండవదానిని మానివేయడము మన వారిలో చాలా సాధారణము. జీనా అనే అంతర్జాతీయ ఉబ్బస మార్గదర్శక సంఘము 2019లో స్పష్టముగా చెప్పింది: పెద్దలకు, యుక్తవయస్కులకు సాల్బుటమాల్ ఒక్కటే ఇచ్చి వైద్యము చేయరాదు, పీల్చే స్టిరాయిడు కూడా ఉండవలెను అని. గొట్టము గోడ వాపు అలాగే ఉండగా కండరమును మాత్రము సడలిస్తూపోతే, ఒకనాటి రాత్రి ఆ సడలింపు చాలకపోవచ్చు. ఆ రాత్రి ప్రాణాలమీదికి వస్తుంది.

‘స్టిరాయిడా!’ అని భయపడే తల్లులకు ఒక మాట. మింగే మాత్రలో మందు మిల్లీగ్రాములలో ఉంటుంది; పీల్చే మందులో మైక్రోగ్రాములలో, అనగా మిల్లీగ్రాములో వెయ్యవ వంతులలో ఉంటుంది. అది నేరుగా గొట్టమునకే చేరుతుంది. పీల్చిన తరువాత నోరు పుక్కిలించి ఉమ్మివేస్తే నోటిపూత వచ్చే అవకాశము తగ్గుతుంది. ఇది మత్తుమందు కాదు, అలవాటు పడదు. కళ్లజోడు పెట్టుకొన్నవాడు కళ్లజోడుకు అలవాటు పడ్డాడని ఎవరూ అనరు కదా! వ్యాధి అణగితే వైద్యుడే మోతాదు తగ్గిస్తాడు.

ఇంతకంటె బాధాకరమైనది ఆడపిల్లల విషయము. పెళ్లిచూపులకు వచ్చేవారు చూస్తారని పంపు బీరువాలో దాచడము, అత్తవారింట ఆ సంగతి చెప్పకుండా మందు మానడము మన కుటుంబాలలో జరుగుతున్నది. గర్భవతి అయిన తరువాత ‘బిడ్డకు మంచిది కాదు’ అని పెద్దలు మానిపిస్తారు. తల్లికి ఊపిరి ఆడకపోవడమే బిడ్డకు ప్రమాదము. ఆ కాలములో మందు మానరాదనే వైద్యశాస్త్రము చెబుతున్నది. వరుని తల్లిదండ్రులారా, వధువు తల్లిదండ్రులారా, ఇది దాచవలసిన జబ్బు కాదు. దాచితేనే ప్రమాదము.

ప్రతి సంవత్సరము మృగశిర కార్తెలో హైదరాబాదుకు చేపమందు కోసము ఇక్కడినుంచి కూడా వెళ్లేవారున్నారు. మేము ఎవరి విశ్వాసమును కించపరచము. శాస్త్రీయమైన పరీక్షలలో దాని గుణము నిరూపింపబడలేదని చెప్పడము మాత్రము మా విధి. వెళ్లదలచినవారు వెళ్లండి, వెళ్లివచ్చిన ధైర్యముతో పీల్చే మందు మాత్రము మానవద్దు.

మందులకు లొంగని తీవ్రమైన ఉబ్బసమునకు ఇప్పుడు కణాల ఆజ్ఞలనే అడ్డగించే ప్రతిరక్షక మందులు వచ్చినవి. ఇ-ప్రతిరక్షకమును పట్టుకొనే ఒమాలిజుమాబ్‌కు 2003లోను, అయిదవ నంబరు ఇంటర్‌ల్యూకిన్‌ను పట్టుకొనే మెపోలిజుమాబ్‌కు 2015లోను అమెరికాలో అనుమతి లభించింది. ఈ రెండవ మందు చరిత్ర ఒక పాఠము. 2000లో ప్రకటించిన పరీక్షలో దానివల్ల ఇయోసినోఫిల్ కణాలు తగ్గినవి గాని ఉబ్బసములో మార్పు కనబడలేదు. దానితో ఇయోసినోఫిల్ నిర్దోషి అన్నవారు కూడా ఉన్నారు. 2009లో, మందులు వాడుతున్నా ఆ కణాలు తగ్గని రోగులను ఏరి ఇచ్చి చూస్తే, ఉబ్బసము ఉధృతమయ్యే సార్లు బాగా తగ్గినవి. అనగా ఉబ్బసము అనే ఒక్క పేరు క్రింద పలు రోగాలున్నవి; అందరిలోనూ లేచినది ఒకే కావలివాడు కాదు. ఈ మందులు ఇప్పటికీ చాలా ఖరీదైనవి. అదృష్టవశాత్తు చాలామందికి వీటి అవసరము రాదు. పీల్చే మందు క్రమముగా వాడితే చాలు.

ఇంట్లో చేయవలసినవి కూడా కొన్ని ఉన్నవి. దుప్పట్లు, దిండుగలీబులు వారానికొకసారి బాగా వేడినీళ్లలో ఉతకండి. పక్కలు దులిపేటప్పుడు, ఇల్లు ఊడ్చేటప్పుడు పిల్లవానిని బయటకు పంపండి; పొడిగా ఊడ్చేకంటె తడిగుడ్డతో తుడవడము మేలు. పండుగ పేరిట సాంబ్రాణి పొగ, అగరువత్తులు, రాత్రంతా దోమల చుట్టలు ముట్టించిన మూసిన గదిలో ఆ బిడ్డను పడుకోబెట్టవద్దు. ఇంట్లో చుట్ట, బీడీ, సిగరెట్టు కాల్చే పెద్దలు దయచేసి ఆలోచించండి. ఇక మన వైపు వయ్యారిభామ అని ముద్దుపేరు పెట్టిన పార్థీనియం మొక్క ఈ ఊరి ఖాళీ స్థలాలనిండా ఉన్నది. దాని పుప్పొడి ముక్కులకు, దాని ఆకు చర్మానికి పడని వారు చాలామంది. మన కాలనీలలో అది పూతకు రాకముందే, చేతులకు తొడుగులు వేసుకొని, వేళ్లతో పెరికిస్తే నలుగురికీ ఉపకారము.

‘ఈ ఊరి గాలి పడలేదు’ అనే మాటతో ప్రారంభించాము. గాలిలో కొంత దోషము ఉన్న మాట నిజమే. కాని గాలిని నిందించి ఊరుకొంటే మన పిల్లలకు రాత్రి నిద్ర రాదు. మన ఒంట్లో కావలి కాసేవారు ఎవరిని చూచి లేచినారో కనుక్కోండి. పురుగును చూచి లేస్తే పురుగును చంపే మందు ఉన్నది, అది మన తెలుగువాని కృషి ఫలము. దుమ్మును చూచి పొరబడి లేస్తే వారిని శాంతపరచే మందు ఉన్నది, అది ఏ మందుల దుకాణములోనైనా దొరుకుతుంది. ఈ సంవత్సరము మన సంఘములో ఏ ఇంట్లోనూ ఆ మందు బీరువా వెనుక దాగకుండా, తలగడ ప్రక్కన ధైర్యముగా ఉండవలెనని మా కోరిక.

మీ అందరికీ, మీ పిల్లలకూ ఉగాది శుభాకాంక్షలు.